పట్టా కింది పనితనం

పాత రైలు మార్గాన్ని కాపాడుకోవడం అనగానే మనకు తట్టేది ఒకటే: ఆవిరి ఇంజనుకు రంగులు వేసి స్టేషను ముందు దిమ్మె మీద నిలబెట్టడం. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ ఇంజను పరుగెత్తిన పట్టాను ఇన్నేళ్లు వంకర పోకుండా నిలబెట్టిన పనితనాన్ని ఏ దిమ్మె మీదా నిలబెట్టలేం. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు 1930ల తొలినాళ్లలో మీటర్‌గేజ్ లైను వచ్చింది. 1989లో బీబీనగర్ నుంచి వచ్చే లైను పూర్తయ్యాక నడికుడి జంక్షన్ అయింది. తర్వాత మాచర్ల లైను కూడా బ్రాడ్‌గేజ్ అయింది. పట్టాల మధ్య వెయ్యి మిల్లీమీటర్ల ఎడం 1,676కు పెరిగింది. ఆ మార్పు పల్నాడుకు మేలే చేసింది, మీటర్‌గేజ్ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. అయితే నడికుడిలో దాచుకోవాల్సింది బండి కాదు, పని. పనిని దాచుకోవాలంటే చేస్తూ ఉండటం తప్ప వేరే దారి లేదు. అలా చేసేవాళ్లు ఇష్టపడి వచ్చిన ఊరివాళ్లే కావాలన్నది నా వాదన.

ఆ పని ఎంత నాజూకైందో చూడండి. గ్యాంగు మేటు, అంటే పట్టా పనివాళ్ల పెద్ద, పట్టా మీదికి వంగి, ఒక కన్ను మూసి, దూరం దాకా పట్టా అంచు వెంట చూపు సాగిస్తాడు. ఎక్కడ కుంగిందో కన్నే చెబుతుంది. అక్కడ గడ్డపారతో పట్టాను ఎత్తి, బీటర్లతో స్లీపరు కిందికి కంకర కూరతారు. గట్టిగా కూరాల్సింది రెండు పట్టాల కిందే. స్లీపరు నడుమ కూడా బిగించారా, అది నడుమ మీద ఊగుతుంది, బండి ఊగుతుంది, చివరికి స్లీపరే విరుగుతుంది. ఎంత కొట్టాలో, ఎక్కడ ఆపాలో పుస్తకంలో ఒక్క వాక్యం. చేతికి మాత్రం కొన్నేళ్ల పాఠం. కీమ్యాన్ సంగతీ అంతే. రోజూ తన బీటు పొడవునా నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో బిగిస్తూ, అతుకులను కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు చూసుకుంటూ పోవాలి. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలిసిందే. ఆ ఎండకు ఇనుము సాగుతుంది కాబట్టి అతుకుల దగ్గర సందు ఉండాలి, ఎండాకాలం రాకముందే ఫిష్‌ప్లేట్లు విప్పి గ్రీజు పెట్టాలి. లేకపోతే మిట్టమధ్యాహ్నం పట్టా పాములా మెలి తిరుగుతుంది. ఇప్పుడు కాంక్రీటు స్లీపర్ల కింద కంకర కూరేది ట్యాంపింగ్ యంత్రం. మీటర్‌గేజ్ మీద బీటరు పట్టిన చేతులు ఇళ్లలో విశ్రాంతి తీసుకుంటున్నాయి.

ఇలాంటి పనిని ఇష్టపడి వచ్చినవాళ్లు నిలబెట్టగలరా అంటే, నిలబెట్టారు. వేల్స్‌లో పలకరాయి మోయడానికి వేసిన 1865 నాటి టాలిలిన్ అనే చిన్న రైలు, యజమాని 1950లో చనిపోవడంతో మూతపడాల్సింది. మరుసటి ఏడే స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ప్రపంచంలో అలా బతికిన మొదటి రైలు అదే. అదే వేల్స్‌లో ఫెస్టినియోగ్ రైలు దారిలో కొంత భాగం జలవిద్యుత్ జలాశయంలో మునిగిపోతే, 1965 నుంచి 1978 దాకా కార్యకర్తలు కొత్త దారి వేశారు. జలాశయం మాట వినగానే పల్నాటివాళ్లకు నాగార్జునకొండ గుర్తొస్తుంది. సాగర్ నీళ్లు రాకముందే ప్రభుత్వం తవ్వకాలు జరిపి, అక్కడి కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ తరలించింది. రాతిని ఒకసారి తరలించి నిలబెడితే కాపలా చాలు. పట్టాకు అది చాలదు. రెండు వానాకాలాలు వదిలేస్తే కంకరలో మట్టి చేరుతుంది, గడ్డి మొలుస్తుంది, స్లీపరు దిగబడుతుంది. అందుకే దీన్ని ఒక శాఖకు అప్పజెప్పి ఊరుకోలేం. దానికి వారం వారం వచ్చే మనుషులు కావాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కూలి లేని పని అంటే తెలుగు నేల మీద వెట్టి గుర్తొస్తుంది. పట్టాల పని తరతరాలుగా పేదవాళ్లే చేశారు. ఎండలో, వానలో, బండ్ల కింద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి కష్టాన్ని చదువుకున్నవాళ్లు ఆదివారం సరదాగా చేస్తే అది గౌరవమా, ఆటా? ఆటే అవుతుంది, నేర్పేవాడికి కూలి ఇవ్వకపోతే. రిటైరైన గ్యాంగ్‌మన్ ఇక్కడ గురువు. గురువుకు జీతం ఇచ్చి తీరాలి. ఫెస్టినియోగ్‌లో కూడా కొత్త దారిలోని సొరంగం తవ్వడానికి గని పనివాళ్లను డబ్బిచ్చే పెట్టుకున్నారు. రైల్వే నడిపే లైను మీద ఒక్క కార్యకర్త కూడా చెయ్యి వేయకూడదు. వేస్తే అది ప్రాణాపాయం, పైగా ఇంకొకరి ఉద్యోగం లాక్కోవడం. ఈ గీత దాటనంతకాలం అది శ్రమదానమే.

ముందు ఉన్న రైళ్లు సరిగ్గా నడవనివ్వండి, నడికుడి–శ్రీకాళహస్తి లైను పూర్తి కానివ్వండి, తర్వాత పాత ముచ్చట్లు అనేవాళ్లూ ఉంటారు. 2011–12లో మంజూరైన ఆ 309 కిలోమీటర్ల లైను కోసం ఎదురుచూస్తున్నవాళ్ల మాట న్యాయమైందే. కానీ రైలు తమదనుకున్న ఊరే రైలు కోసం గట్టిగా అడుగుతుంది. వరంగల్ జిల్లా నెక్కొండలో రైలు ఆగడం మానేస్తుందేమోనని జనం చందాలు వేసుకుని, ప్రయాణం లేకపోయినా టికెట్లు కొన్నారు. రాజస్థాన్‌లోని జాల్సూ నానక్ హాల్టును ఊరే చందాలు పోగేసి నిలబెట్టుకుంది. వాళ్లను నడిపింది పాత ముచ్చట కాదు, హక్కు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ కాలేజీ స్థలంలోనో వంద మీటర్ల మీటర్‌గేజ్ పట్టా, తుక్కు కింద పోకుండా మిగిలిన స్లీపర్లు, పిడుగురాళ్ల వైపు నుంచి రెండు లారీల కంకర, నాలుగు బీటర్లు, జీతం మీద ఒక మేటు. ఇంజను లేకపోయినా ఫరవాలేదు, తోసే ట్రాలీ చాలు. తొందర ఒక్కటే ఉంది. 1990లో ముప్పై ఏళ్లున్న గ్యాంగ్‌మన్‌కు ఇప్పుడు అరవై అయిదు దాటాయి. పట్టా మీదికి వంగి చూసి కుంగు పట్టే ఆ కన్నుకు శుక్లం రాకముందే, పక్కన ఇంకొకరు వంగి చూడాలి.