ఫిర్యాదు చెయ్యమంటే సరిపోతుందా?

యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్ని ఈమధ్య ఒక కథను చదివినట్టు చదివాను, ఎవరికి మాట ఉంది, ఎవరికి లేదు అని చూసుకుంటూ. 2009 నాటి ఈ నిబంధనల్ని 2016లో సవరించారు. కులం, మతం, రంగు, భాషలతోపాటు ట్రాన్స్‌జెండర్ అనో, లైంగిక ఆసక్తి వేరనో ఒక విద్యార్థిని వేధించినా, వెలివేసినా అది ర్యాగింగే అంది ఆ సవరణ. పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధాన్ని సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి తప్పించింది 2018లో. అంటే, అది ఇంకా నేరంగా ఉన్న రోజుల్లోనే ఈ మాట కాలేజీల్లోకి వచ్చింది. చిన్న విషయం కాదు.

కానీ ఈ నిబంధనల్లో ఆ విద్యార్థి కనిపించేది దెబ్బతిన్నాకే. హాస్టల్లో ఉండే ఒక లెస్బియన్ అమ్మాయిని ఊహించుకుందాం. హెల్ప్‌లైన్‌కి పేరు చెప్పకుండా ఫోన్ చెయ్యొచ్చు. విచారణ మాత్రం ఆ కాలేజీలోనే. ఎందుకు ఏడిపిస్తున్నారని అడిగితే ఏం చెప్పాలి? చెప్పిన మర్నాడే వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తే? తోటివాళ్ళ ఎగతాళి తప్పించుకోబోయి, చదువు మాన్పించి పెళ్ళి చేసే ఇంట్లో పడుతుంది. లేడీస్ హాస్టళ్ళలో బతికిన మనకి ఈ 'రక్షణ' కొత్త కాదు. ఆరింటికి గేటు మూసిందీ, సినిమాకెళ్తే నాన్నకి చెప్పిందీ ఇదే. కౌన్సెలర్‌ని పెడితే చాలనేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. చెప్పిన మాట గది దాటదన్న నమ్మకం లేనిచోట ఎవరు నోరు విప్పుతారు?

హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ ఇంకో దారి చూపింది. 2015లో ఒక విద్యార్థి అడిగితే, సర్టిఫికెట్‌లో పేరు ముందు ఆడో మగో తెలపని 'మిక్స్' అనే సంబోధన రాసిచ్చింది. 2022లో హాస్టల్లో ఒక అంతస్తుని ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకి కేటాయించింది. ఇక్కడ విద్యార్థి బాధితురాలిగా కాక, తనకేం కావాలో అడిగే మనిషిగా కనిపిస్తుంది. అయితే ఆ అంతస్తుకి వెళ్ళాలన్నా తానెవరో బయటపెట్టుకోవాల్సిందే. పదిమంది ఒకే గదిలో సర్దుకునే జిల్లా హాస్టళ్ళలో అసలు విడి అంతస్తెక్కడ?

అక్కడ కూడా చెయ్యగలిగినవి ఉన్నాయి. కోరుకున్న పేరుతో హాజరు పిలవొచ్చు. విద్యార్థి ఒప్పుకోకుండా ఏ విషయమూ ఇంటికి చేరదని రాతపూర్వకంగా హామీ ఇవ్వొచ్చు. వీటికి డబ్బు కూడా అక్కర్లేదు. ఆడపిల్లల బతుకుల్ని కుటుంబ పరువుకి అప్పజెప్పొద్దని మనం ఏళ్ళుగా అంటున్నాం. ఈ పిల్లల తరఫున ఆ మాట స్టాఫ్ మీటింగుల్లో మనమే ఎత్తాలి.