ఆవర్తక పక్షవాతం: ఒక అనువాద పదం – పరిభాషా విమర్శ

తెలుగు వైద్యరచనలో ‘పీరియాడిక్ పెరాలసిస్’కు ‘ఆవర్తక పక్షవాతం’ అన్నది వెంటనే స్ఫురించే అనువాదం. ఈ పదం వ్యాధి స్వభావానికి విరుద్ధమైనది. ‘పక్షం’ అంటే ఒక పార్శ్వం. మెదడుకు రక్తప్రసారం ఆగి శరీరంలో ఒకవైపు పడిపోవడాన్ని పక్షవాతం అనడం సబబే. ఈ వంశపారంపర్య వ్యాధిలో మాత్రం మెదడుకు హాని ఉండదు. సాధారణంగా కాళ్ళూ చేతులూ రెండువైపులా చచ్చుబడి, కొన్ని గంటల్లో లేదా రోజుల్లో కోలుకుంటాయి. లోపం కండరకణాల అయాన్ ద్వారాలది. పొటాషియం తగ్గే రకంలో అధికశ్రమ తరువాతి విశ్రాంతి, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం దాడిని ప్రేరేపిస్తాయి.

పరిశోధన ఫలితాలను తెలిపేటప్పుడు ఇలాంటి చిక్కే మరొకటి ఎదురవుతుంది. ఈ రోగుల కండరతంతువులపై క్రోమాకలిమ్ ప్రభావాన్ని 1990లో ప్రయోగశాలలో పరిశీలించారు. 1996లో వెలువడిన ఒక అధ్యయనం కొద్దిమంది రోగులపై పినాసిడిల్‌ను పరీక్షించి, కొందరిలో కండరబలం మెరుగుపడినట్లు గుర్తించింది. ఈ మందులను కేవలం ‘రక్తనాళ విస్ఫారకాలు’ అని అనువదిస్తే కండరంతో వాటికి గల సంబంధం బోధపడదు. నైట్రోగ్లిజరిన్ కూడా విస్ఫారకమే, కాని దాని మార్గం నైట్రిక్ ఆక్సైడ్. పినాసిడిల్ పొటాషియం ద్వారాలను తెరుస్తుంది. రక్తనాళం సడలడానికీ, కండరకణపు విద్యుత్ స్థితి చక్కబడడానికీ మూలం ఆ ఒక్క క్రియే. ఫలితాన్నిబట్టి కాక క్రియనుబట్టి ‘పొటాషియం ద్వారాలను తెరిచే మందు’ అన్నప్పుడే పరిశోధన తర్కం తెలుగులో నిలుస్తుంది. అయితే అది ప్రయోగదశలోని పరిశీలనే తప్ప స్థిరపడిన చికిత్స కాదన్న సంగతినీ అనువాదకుడు చెప్పాలి.

ఇది పండితచర్చకు పరిమితమైన విషయం కాదు. పెద్దేముల్, తాండూరు ప్రాంతంలో నాపరాతి గనుల్లో రోజంతా శ్రమించి, రాత్రి కడుపునిండా అన్నం తిని పడుకున్న కార్మికుడు తెల్లవారి లేవలేకపోతే, ‘పక్షవాతం’ అన్న మాట కుటుంబాన్ని పసరుమందు వైపు నడిపించవచ్చు. అవసరమైనది రక్తంలో పొటాషియం పరీక్ష. ఈ వ్యాధిలోనే పొటాషియం ఇస్తే మేలుచేసే రకమూ, కీడుచేసే రకమూ ఉన్నందున ఆ పరీక్ష మరింత కీలకం.

‘కాళ్ళు చచ్చుబడ్డాయి’ అనే వాడుక జనంలో ఉండనే ఉంది. ‘ఉండుండి కండరాలు చచ్చుబడే జబ్బు’ అన్న వివరణాత్మక పదబంధం నిడివైనదే, అయినా తప్పుదారి పట్టించదు. పరిభాషకు క్లుప్తత కన్నా యథార్థతే ప్రమాణం కావాలి.