అరగుండు నుంచి చక్రపాణి దాకా

పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం లాగించే పిసినారిని తెలుగు ప్రేక్షకులు మరిచిపోలేరు. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లో ఆ పిసినారి కోట శ్రీనివాసరావు. ఆయన కింద పనిచేస్తూ లోలోపల కుతకుతలాడే అరగుండు బ్రహ్మానందం. ఆ ఇంటి అమ్మాయి కోసం తానూ పిసినారి వేషం కట్టిన ప్రేమికుడు రాజేంద్రప్రసాద్. ఆనాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన ఈ ముగ్గురూ, తర్వాత అదే జనం చేత కంటతడి పెట్టించారు.

2004లో వచ్చిన చంద్ర సిద్ధార్థ చిత్రం ‘ఆ నలుగురు’లో రాజేంద్రప్రసాద్, కోట మళ్ళీ ఎదురుపడ్డారు. రాజేంద్రప్రసాద్ వేసిన రఘురామ్ చనిపోయాడు. అతని ఆత్మ పక్కనే నిలబడి అంతా చూస్తోంది. అప్పు వసూలు కోసం వచ్చిన కోటయ్య శవం దగ్గరే కాచుకున్నాడు. ఇక్కడా డబ్బు మీద ఆశే, ఇక్కడా పీనాసితనమే. కానీ పోయిన మనిషి మంచితనం ఒక్కొక్కటిగా తెలిసేకొద్దీ కోటయ్య కరిగిపోతాడు. నవ్వుల్లో గడగడా మాటలు దొర్లించే రాజేంద్రప్రసాద్ ఇందులో గొంతు పెంచడు. ఆ పాత్రకు ఉత్తమ నటుడిగా నంది అవార్డు వచ్చింది. 1991లోనే ‘ఎర్ర మందారం’తో ఆయన ఆ గౌరవం అందుకున్నారు.

ఏడిపించడం హాస్యనటులకు ఎలా పట్టుబడుతుంది? జవాబు వాళ్ళ పనిలోనే ఉంది. మాట ఎక్కడ ఆపాలో, ఎదుటివాడి మాట ఎంతసేపు వినాలో, ఏ క్షణంలో చూపు తిప్పాలో తెలియకపోతే నవ్వు పండదు. సినిమావాళ్ళు టైమింగ్ అనేది దీన్నే. ఏడుపు సన్నివేశానికీ కావాల్సింది అదే. ఒక్క క్షణం ఎక్కువ సాగదీస్తే శోకం కాస్తా గోల అవుతుంది.

కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ 2023 ఉగాదికి విడుదలైంది. మరాఠీ ‘నటసామ్రాట్’కు ఇది తెలుగు రూపం. ప్రకాశ్‌రాజ్ స్నేహితుడు చక్రపాణిగా బ్రహ్మానందం వేశారు. కనుబొమలూ పెదవులూ క్షణం ఊరుకోని ఆ ముఖాన్ని ఇందులో పూర్తిగా అదుపులో పెట్టేశారు. ఆస్పత్రి మంచం మీద నుంచి మిత్రుడితో నాటకం డైలాగులు చెప్పే ఘట్టంలో ఆయన గొంతు వినాలి. సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన మనిషి. ఒక్క అక్షరం నలగదు. ప్రాణం పోతున్న నటుడికి భాషే ఆసరా అని ఆ ఉచ్చారణే చెబుతుంది.

కమెడియన్‌గా పేరు తెచ్చుకున్న వేణు ఎల్దండిది సిరిసిల్ల. ఆయన దర్శకుడై 2023లో తీసిన ‘బలగం’ చావు ఇంటి కథ. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ ఎలా తల్లడిల్లుతారో చూపించాడు. సాయిలుగా ప్రియదర్శి మొదట్లో తాత చావును తన అప్పుల లెక్కలోనే చూస్తాడు. అతని ఆత్రం చూసి నవ్వుకున్నవాళ్ళే చివరికి కళ్ళు తుడుచుకున్నారు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కలిసి చూశారు.

‘పెళ్ళిచూపులు’ కౌశిక్‌గా 2016లో నవ్వించిన ప్రియదర్శికి, ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం పాత్ర 2019లోనే దొరికింది. 2002లో ‘అల్లరి’తో వచ్చిన నరేశ్‌కు క్రిష్ ‘గమ్యం’లో గాలి శీను పాత్ర 2008లో అందింది. బ్రహ్మానందం మాత్రం అరగుండు నుంచి చక్రపాణి దాకా రావడానికి 36 ఏళ్ళు పట్టింది. మధ్యలో ఆయన చేయగలిగిన చక్రపాణులు ఎందరో! వాళ్ళను ఎవరూ రాయలేదు. ఇప్పుడు వెన్నెల కిశోర్ ఉన్నాడు, సత్య ఉన్నాడు. ఇద్దరికీ చేతినిండా నవ్వుల వేషాలే. వీళ్ళ కోసం ఒక రఘురామ్‌నో, ఒక సాయిలునో రచయితలు ఈ ఏడాదే రాయాలి.