రేకు తీసే చెయ్యి

ఆత్రేయపురం పూతరేకు తిన్నవాళ్లంతా నెయ్యినీ బెల్లాన్నీ మెచ్చుకుంటారు. నా ఓటు మాత్రం రేకు తీసే చేతికే.

పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యం, ఎక్కువగా జయ రకం, నానబెట్టి మెత్తగా రుబ్బి పాలంత పల్చగా కలుపుతారు. అందులో పలుచటి గుడ్డ ముంచి, రెండు చేతులా సాగదీసి, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది రేకు తీసే ఆవిడ. చుయ్యిమంటుంది. అంతే, రేకు వచ్చేసింది! అంచు పట్టి పైకెత్తితే అవతలి మనిషి కనబడాలి. మంట పెరిగితే మాడుతుంది, తగ్గితే కుండను వదలదు. వేడి కొలిచే సాధనమేదీ అక్కడ ఉండదు. చెవీ చెయ్యీ చెప్పాల్సిందే.

చుట్టడం వేరే విద్య. తడిగుడ్డతో రేకును మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి మడుస్తారు. ఇప్పుడు జీడిపప్పు, బాదం, చాక్లెట్ కూడా దూరాయి. చాక్లెట్ సంగతి నన్నడక్కండి.

2023లో ఈ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. అయితే ఇది ముఖ్యంగా ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని. పొగలో, సెగలో గంటల తరబడి కూర్చుని కూడా, చుట్టిన ప్రతి రేకునూ అంచులు సమంగా కుదిరాయో లేదో ఓసారి తిప్పి చూసుకుంటారు. ఆ ముచ్చటకి కూలి ఎవరూ కట్టరు. డబ్బా ధర దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.