సోర్సు చేతికి ఇవ్వనిదే అమ్మకం పూర్తికాదు

దుకాణాల్లో వాడే చిన్న బిల్లింగ్ యంత్రాలు తయారుచేసి అమ్మడం మా పని. వాటి లోపల నడిచేది లినక్స్. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు: “ఊరికే దొరికేదాన్ని డబ్బులకు అమ్మితే తప్పు కాదా సార్?”

తప్పు కాదు. ధర ఎంతైనా పెట్టుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మనే 1985లో తన ఈమాక్స్ ప్రోగ్రామును టేపుల్లో నింపి, ఒక్కోటి 150 డాలర్లకు అమ్మారు. ఆయన రాసిన జీపీఎల్ లైసెన్సు ప్రోగ్రాము ధర జోలికి వెళ్లదు. డబ్బిచ్చి కొన్న మనిషి చేతిలో చివరికి ఏముండాలన్నదే దానికి పట్టింపు.

ఉండాల్సింది సోర్సు కోడ్, అంటే ప్రోగ్రామును మనుషులు చదివి మార్చుకోగలిగిన రూపం. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కు వర్తించేది 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్. దాని ప్రకారం అమ్మేవాడు సోర్సును వస్తువుతో పాటే ఇవ్వాలి. లేదా అడిగితే ఇస్తానని కాగితం మీద హామీ రాసివ్వాలి. ఆ హామీ కనీసం మూడేళ్లు చెల్లాలి. కొన్నవాళ్లకే కాదు, అడిగిన ఎవరికైనా చెల్లాలి. కాపీ చేసి పంపడానికి అయ్యే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. ధర విషయంలో లైసెన్సు గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. ఆ గీత గీయకపోతే ప్రోగ్రామును వంద రూపాయలకు ఇచ్చి, సోర్సుకు కోటి చెప్పేవాళ్లు బయల్దేరతారు.

“మేం ఒక్క అక్షరం మార్చలేదు, సోర్సు ఇంటర్నెట్‌లో ఉండనే ఉంది” అనే మాట ఈ వ్యాపారంలో తరచూ వింటాను. 2006లో మెపిస్ లినక్స్ తయారీదారుకు, జీపీఎల్‌ను వెలువరించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పింది సరిగ్గా దీని గురించే: మార్చకుండా తీసుకున్న ప్యాకేజీల సోర్సు అందించే బాధ్యత కూడా పంచిపెట్టేవాడిదే. చిన్న సంస్థలకు ఇది భారమన్న వాదనలో నిజం లేకపోలేదు. అయినా నేను ఫౌండేషన్ పక్షమే. అసలు తయారీదారు సర్వరులో ఈ రోజు ఉన్న వెర్షన్ రెండేళ్ల తర్వాత ఉంటుందన్న భరోసా లేదు. కొన్నవాడికి కావలసింది కొత్త వెర్షన్ కాదు, తన యంత్రంలో ఉన్న వెర్షన్.

అందుకే అమ్మకానికి పంపే ప్రతి వెర్షన్ సోర్సును అదే రోజు విడిగా భద్రపరుస్తాం. కెర్నెల్, దాని కన్ఫిగరేషన్, మేం చేసిన మార్పులు, కంపైల్ చేసి యంత్రంలోకి ఎక్కించే స్క్రిప్టులు అన్నీ అందులోకి వెళ్తాయి. ఆ స్క్రిప్టులు కూడా సోర్సులో భాగమేనని లైసెన్సే చెబుతోంది. తర్వాత, ఆ పనితో ఏ సంబంధమూ లేని ఒకరిని కూర్చోబెట్టి, ఆ ఫోల్డరు ఇచ్చి, ఖాళీ కంప్యూటరు మీద మొదటినుంచి కంపైల్ చేయమంటాం. మమ్మల్ని ఏమీ అడగకూడదు. ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుంది: ఒకరి ల్యాప్‌టాప్‌లో మాత్రమే మిగిలిన ఫైలు, ఎవరూ ఎక్కడా రాసిపెట్టని కంపైలర్ వెర్షన్. మా పని మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. రేపు మా సంస్థ మూతపడినా ఒక కిరాణా కొట్టు యంత్రంలోని లినక్స్‌ను ఇంకో ఊళ్లో ఇంకో ఇంజినీరు బాగుచేయగలడా లేదా అన్నది ఆ గదిలోనే తేలిపోతుంది.

మేం సొంతంగా రాసుకున్న బిల్లింగ్ ప్రోగ్రాము సంగతి వేరు. కెర్నెల్ మీద నడిచినంత మాత్రాన అది జీపీఎల్ కిందికి రాదు. గొడవ వచ్చేది వకీళ్లు పాత నమూనా చూసి రాసే వినియోగ ఒప్పందాలతో. “ఒక్క యంత్రంలోనే వాడాలి, ఇతరులకు కాపీ ఇవ్వరాదు” అన్న వాక్యాన్ని పెట్టె మొత్తానికీ వర్తింపజేస్తే జీపీఎల్‌ను అక్కడే ఉల్లంఘించినట్టు. లైసెన్సు ఇచ్చిన హక్కుల మీద అదనపు ఆంక్షలు పెట్టే అధికారం మనకు లేదు. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులతో ఇంత శ్రమ ఉండదు. కాపీరైట్ వాక్యాన్ని, లైసెన్సు పాఠాన్ని చెరపకుండా వెంట పంపితే చాలు. అంత చిన్న పనినీ ఎగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రాసినవాడు అడిగింది తన పేరు ఉంచమనే కదా!

మన 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచనే. కాబట్టి లైసెన్సు లేకుండా కాపీ చేసి అమ్మితే అది కాపీరైట్ ఉల్లంఘనే. జీపీఎల్ రెండో వెర్షన్‌లో షరతు తప్పిన మరుక్షణం కాపీ చేసే హక్కు దానంతటదే రద్దవుతుంది. 2007లో వచ్చిన మూడో వెర్షన్ కాస్త మెత్తబడింది: మొదటిసారి తప్పు చేసినవాళ్లు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వస్తుంది.

షరతు తప్పితే పెద్ద కంపెనీలకైనా తిప్పలే. 2003లో నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో సుమారు 50 కోట్ల డాలర్లు పెట్టి లింక్‌సిస్‌ను కొన్నది. లింక్‌సిస్ అమ్ముతున్న డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరులో లినక్స్ ఉందని, సోర్సు మాత్రం ఇవ్వడం లేదని అదే ఏడాది వాడుకరులు కనిపెట్టారు. చిప్పు బ్రాడ్‌కామ్‌ది. దాని మీది సాఫ్ట్‌వేర్ తైవాన్‌లో తయారైంది. అయినా సమాధానం చెప్పాల్సింది పెట్టె మీద పేరున్న సంస్థే. చివరికి సోర్సు విడుదల చేశారు. దాని ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఈ రోజు ఎన్నో కంపెనీల రౌటర్లలో అది నడుస్తోంది. సిస్కో కష్టాలు అంతటితో తీరలేదు. లింక్‌సిస్ పేరుతో అమ్మిన పలు వస్తువుల విషయంలో 2008 డిసెంబరులో ఫౌండేషన్ కోర్టుకెక్కింది. లైసెన్సుల అమలు చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక అధికారిని నియమిస్తామని ఒప్పుకున్నాకే 2009లో రాజీ కుదిరింది.

మాకు బోర్డులు సరఫరా చేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ సంగతంతా నా మనసులో మెదులుతుంది. ధర మాట్లాడుకోకముందే ఆ బోర్డు కెర్నెల్ సోర్సు అడుగుతాను. అది మా దగ్గర కంపైలై, బోర్డు మీద నడిచాకే ఆర్డరు. “ముందు సరుకు తీసుకోండి, సోర్సు తర్వాత పంపిస్తాం” అనేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వను, బోర్డు ఎంత చవకైనా సరే.