ఇంట్లో సర్వర్ ఎందుకు?

విండోస్ సర్వర్ 2019ని మామూలు కంప్యూటర్‌లా వాడితే ఎంతో వేగమని మా అన్నయ్య అంటాడు. వాడి చూశాక ఆ మాట సగమే నిజమనిపించింది. స్టార్ట్ మెనూలో ఆటలు, ప్రకటనలు ఉండవు, అది నాకు నచ్చింది. కానీ దీనికీ విండోస్ 10కీ కెర్నల్ ఒకటే కదా, కొత్తగా వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాట వినాలంటే ముందు ఆడియో సర్వీసును మనమే ఆన్ చేసుకోవాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే కొత్త సైటు వచ్చినప్పుడల్లా నమ్మమంటావా అని అడుగుతుంది. ఆపబోతే ఎందుకు ఆపుతున్నావో కారణం చెప్పమంటుంది, సెలవు చీటీ అడిగే క్లాసు టీచరులాగా! వందలమంది ఆధారపడే యంత్రానికి ఆ ప్రశ్న న్యాయమే. కరెంటు బిల్లు కట్టి లేచిపోయే అమ్మకు అదెందుకు?

పైగా ఉచితంగా దొరికేది 180 రోజుల ట్రయల్ మాత్రమే. గడువు దాటితే గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది. పదో తరగతి ప్రాజెక్టు అందులో పెట్టమంటే నేనైతే పెట్టను.