నీటివాలున వేట: ఉత్తరాంధ్ర తెప్పల విద్య

లంగరు వేయకుండా, ఇంజను ఆపేసి, వలనూ తెప్పనూ నీటివాలుకు వదిలి చేసే వేట ఉత్తరాంధ్ర తీరంలో తరాలుగా సాగుతున్నది. శ్రీకాకుళం జిల్లా బారువ, భావనపాడు, కళింగపట్నం మొదలుకొని విజయనగరం జిల్లా చింతపల్లి, ముక్కాం, విశాఖ వైపు భీమునిపట్నం, పెదజాలారిపేట, ఇంకా దక్షిణాన పూడిమడక దాకా ఉన్న పల్లెల్లో వాడబలిజ, జాలారి కులాల వారికి ఇది జీవనాధారం. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక చిన్న తెప్ప, కొన్ని వలలు, గాలపు తాళ్లు ఉంటే చాలు. ట్రాలర్లు చేప ఉన్నచోటికి వలను ఈడ్చుకుపోతాయి. ఈ వేటలో వల చేప వచ్చే దారిలో తేలుతూ కాచుకుంటుంది. అందుకే బలం కంటే తెలివిడికి ఇక్కడ విలువ ఎక్కువ. ఏ రోజు, ఏ చోట, ఎంత లోతున, ఏ కన్ను వల వేయాలన్న నిర్ణయమే వేటలో ముప్పాతిక భాగం.

తెప్ప, వల

పాత తెప్పను తేలికపాటి దుంగలు చేర్చి తాళ్లతో బిగించి కట్టేవారు. దానికి నీళ్లు చొరబడే గుల్ల ఉండదు కాబట్టి కెరటం మీద పడినా మునగదు. నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. తడి పీల్చిన దుంగ బరువెక్కి తేలిక పోగొట్టుకుంటుంది మరి. సహజమైన ఓడరేవులు తక్కువగా ఉండి, ఏడాది పొడుగునా కెరటాలు విరిగే ఈ ఇసుక తీరానికి ఇంతకంటే తగిన సాధనం దొరకదు. ఇప్పుడు చాలా ఊళ్లలో దుంగల స్థానాన్ని ఫైబర్ తెప్పలు ఆక్రమించాయి. తెడ్డు, తెరచాపల పనిని చిన్న ఇంజన్లు చేస్తున్నాయి. 

వాలుకు వదిలే వల నీటిలో నిలువుగా నిలబడే గోడ. పైతాడుకు బెండ్లు, అడుగుతాడుకు బరువులు కడతారు. బెండ్ల తేలుడు, బరువుల లాగుడు సరితూగితేనే వల మడతపడకుండా నిలుస్తుంది. బరువు పెంచితే వల కిందికి దిగుతుంది, తగ్గిస్తే పైపొరలోనే ఉంటుంది. చేప ఏ లోతున తిరుగుతున్నదో దాన్నిబట్టి ఈ సర్దుబాటు చేస్తారు. లోతును ఇప్పటికీ బారల్లోనే లెక్కిస్తారు.

వేటకు వల కన్నే కీలకం. చేప తల కంతలో దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి తీసుకోబోతే దారం మొప్పల కింద పట్టుకుంటుంది. కంత కంటే చిన్న చేప దాటిపోతుంది, మరీ పెద్దదాని తల అందులో పట్టదు. అందువల్ల ఒక కన్ను వలలో దాదాపు ఒకే పరిమాణపు చేపలు పడతాయి. కవళ్ల వలకు సాగదీసిన కన్ను సుమారు 3 సెంటీమీటర్లు, కానాగంతల వలకు 5 సెంటీమీటర్లు ఉంటుంది. కోనెం, చందువ వంటి వాటికి 10 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటుంది. ఒకప్పుడు నూలుతో అల్లిన వలలను కుళ్లిపోకుండా చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి ఆరబెట్టేవారు. గత శతాబ్దం రెండో సగంలో నైలాన్ వచ్చాక ఆ శ్రమ తప్పింది. చిరిగిన కన్నులను ఏరి బాగుచేసే పని మాత్రం అలాగే ఉంది. వేట లేని పూట ఇసుక మీద పరిచిన వలల దగ్గర ముసలివారు, కుర్రాళ్లు కలిసి కూర్చునేది అందుకే.

గాలి, నీరు, నేల గురుతులు

రాత్రి నేల చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు నేల వేడెక్కాక అదే గాలి సముద్రం నుంచి ఒడ్డుకు తిరుగుతుంది. తెరచాపల కాలంలో రోజువేట ఈ మార్పు మీదే నడిచేది. తెల్లవారుజామున నేలగాలితో లోపలికి వెళ్లి, మధ్యాహ్నపు సముద్రపు గాలితో తిరిగి వచ్చేవారు. ఇంజన్లు వచ్చాక కూడా చాలామంది ఈ లెక్కనే పాటిస్తారు, ఎందుకంటే గాలికి ఎదురు పోతే నూనె ఖర్చు పెరుగుతుంది.

తీరం వెంట నీటి ప్రవాహానికీ రుతువులున్నాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు తూర్పు తీర ప్రవాహం ఉత్తరం వైపు, అక్టోబరు నుంచి దక్షిణం వైపు బలంగా సాగుతుంది. వేసవి ముందు నెలల్లో విశాఖ తీరంలో లోతునున్న చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. ఆ నీటితో వచ్చే పోషకాల వల్ల ప్లాంక్టన్ పెరుగుతుంది, దాని కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరతాయి. మత్స్యకారులు ఈ గొలుసును కళ్లతో పసిగడతారు. నీటి రంగు మారిన గీత, నురుగు వరస, ఒకేచోట గుమిగూడిన పక్షులు, నీటి మీద నూనెలాంటి జిగి, చేపల గుంపు కదిలినప్పటి చిరుఅలజడి వారికి ఆనవాళ్లు.

నడిసంద్రంలో చోటు గుర్తుపెట్టుకోవడానికి ఒడ్డు మీది ఆనవాళ్లే పటం. ఒక కొండకొమ్మును దాని ముందున్న గోపురంతోనో తాటిచెట్టుతోనో ఒకే వరుసలో నిలిపి చూస్తే ఒక గీత ఏర్పడుతుంది. వేరే దిక్కున యారాడ కొండ మీది దీపస్తంభం వంటి మరో ఆనవాలుతో రెండో గీత గీస్తే, రెండూ కలిసే చోటే కావలసిన బండ. నీటి అడుగున ఉన్న బండలకు పల్లెవాసులు పేర్లు పెట్టుకున్నారు, తండ్రి నుంచి కొడుకుకు అప్పజెప్పారు. జీపీఎస్ వచ్చాక ఈ విద్య సన్నగిల్లుతున్నా, పరికరం చెడిపోయిన రోజున తెప్పను ఇల్లు చేర్చేది ఇదే.

రోజు గడిచే తీరు

వేట మొదటి గండం ఒడ్డునే ఉంటుంది. కెరటాలు వరుసలుగా వస్తాయి. పెద్దవి విరిగాక దొరికే చిన్న విరామంలో తెప్పను నెట్టి, ముక్కును కెరటానికి ఎదురుగా నిలిపి దాటించాలి. అడ్డం తిరిగితే తెప్ప పల్టీ కొడుతుంది.

అనుకున్న చోటు చేరాక ప్రవాహానికి అడ్డంగా వల వదులుతారు. ఒకరు తెప్పను నెమ్మదిగా కదుపుతుంటే మరొకరు వల చిక్కుపడకుండా జారవిడుస్తారు. చివరి తాడును తెప్పకు కట్టి, తెప్ప గాలివాలు వైపు ఉండేలా చూస్తారు. గాలికి తెప్ప వల కంటే వేగంగా పోతుంది కాబట్టి తాడు బిగువుగా నిలుస్తుంది. తెప్ప గాలికి ఎదురు వైపున ఉంటే వల మీదికే వచ్చి పడుతుంది. అవతలి చివర జెండాగానీ దీపంగానీ కడతారు, ఇతర పడవలు వలను తొక్కకుండా. ఇక ఆ వలే తెప్పకు లంగరు.

వల కనబడకపోవడమే చేపను పట్టిస్తుంది. అందుకే చీకటి పక్షం రాత్రులు, తెల్లవారకముందు వేళలు వలకు అనుకూలం, పండు వెన్నెల ప్రతికూలం. రెండు మూడు గంటల తర్వాత వల లాగుతారు. మరీ ఆలస్యమైతే చిక్కుకున్న చేప చచ్చి మెత్తబడుతుంది, వలలో ఉన్నదాన్ని వేరే చేపలు కొరుకుతాయి.

పగటిపూట గాలం వేటకూ ఇదే సూత్రం. బండకు ఎగువన తెప్పను ఆపి, వాలుకు వదిలితే అది బండ మీదుగా మెల్లగా సాగుతుంది. బరువు కట్టిన తాడును అడుగు తాకించి కొద్దిగా పైకెత్తి పట్టుకుంటారు. తాడు మరీ ఏటవాలుగా పోతే బరువు చాలలేదని అర్థం. చేప కొరికిన సంగతి వేలికి తెలుస్తుంది. బండ దాటాక మళ్లీ ఎగువకు వెళ్లి అదే వాలున రావాలి. పూడిమడక మత్స్యకారులు లోతు నీళ్లలో చేతితాడుతోనే పసుపు రెక్కల టూనాను పట్టడంలో పేరుగాంచారు. అంత బరువైన చేపను ఒక్కసారిగా లాగితే తాడు తెగుతుంది. అది పరుగెత్తినప్పుడు తాడు వదిలి, అలిసినప్పుడు కూడదీస్తారు.

ఒడ్డు చేరిన చేప అక్కడే వేలంపాటలో అమ్ముడవుతుంది. వచ్చిన సొమ్మును ఖర్చులు తీసి తెప్పకు, వలకు, మనుషులకు వాటాలు వేస్తారు. గంపలతో ఊళ్లు తిరిగి అమ్మేదీ, మిగిలినదాన్ని ఉప్పుపట్టి ఎండబెట్టేదీ ఆడవాళ్లు. ఇంట్లో డబ్బు చలామణీ చాలావరకు వారి చేతుల మీదే ఉంటుంది.

విలువ, హద్దులు

ఒక్కరోజులో తిరిగివచ్చే తెప్ప చేప తాజాగా ఉంటుంది. నూనె తక్కువ ఖర్చవుతుంది, సముద్రపు అడుగు చెక్కుచెదరదు, కన్ను సరిగా ఎంచుకుంటే పిల్లచేప బతుకుతుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లను సంప్రదాయ తెప్పలకు కేటాయించారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం నుంచి ఇంజను లేని తెప్పలకు మినహాయింపు ఉంది.

అయితే ఈ పద్ధతిలో దోషమే లేదనుకోకూడదు. మహాసముద్రాల్లో కిలోమీటర్ల పొడవున వదిలిన భారీ వలలు డాల్ఫిన్లను, తాబేళ్లను, పక్షులను చంపడం వల్లనే ఐక్యరాజ్యసమితి 1991లో వాటిని నిలిపివేయాలని తీర్మానించింది. ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చలికాలపు నెలల్లో చిన్న వల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. తెగిపోయిన నైలాన్ వల కుళ్లదు, ఏళ్ల తరబడి చేపలను చంపుతూనే ఉంటుంది. వల పొడవు తగ్గించడం, దగ్గరుండి కాపలా కాయడం, చిక్కిన తాబేలును వెంటనే విడిపించడం, పాత వలను సముద్రంలో పారేయకపోవడం అనే నాలుగు అలవాట్లు ఈ వేటను నిర్దోషంగా ఉంచగలవు.

1999లో హైదరాబాదులో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి, పచ్చదనాల ఆధారంగా చేపలు దొరికే చోట్లను, అలల ఎత్తును ముందుగా తెలియజేస్తున్నది. తెప్పవారు నీటి గీతలో చూసే ఆనవాలునే ఆ ఉపగ్రహాలు ఎత్తు నుంచి చూస్తాయి. తుఫాను హెచ్చరికలు ప్రాణాలు కాపాడుతున్నాయి. కానీ చేపల సూచన చోటును చెబుతుంది, ఆ చోట వలను ఎంత లోతున, ఏ కన్నుతో, వాలుకు ఏ వైపున వదలాలో చెప్పదు. చేపలు తగ్గి, యువకులు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వలసపోతున్న ఈ రోజుల్లో, ఆ మిగిలిన విద్యను పెద్దల నుంచి నమోదు చేసి నేర్పించడం, తీరం పక్కన వారికి కేటాయించిన నీళ్లను ట్రాలర్ల నుంచి నిజంగా కాపాడడం ఒకదానితో ఒకటి ముడిపడ్డ పనులు. వేటాడే నీళ్లుంటేనే విద్య మిగులుతుంది, విద్య ఉంటేనే ఆ నీళ్లలో చేప మిగులుతుంది.